ఉబ్బిన బ్యాటరీ

"ఇది ఎట్లయింది ప్రేమ్ గారూ?" అని అడిగాడు నగేష్.

ప్రేమ్ కుమార్ పొద్దున చూసేసరికి, కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ అడుగు ఉబ్బిపోయి టేబుల్ మీద ఊగుతోంది. ఫొటో తీసి పంపితే, హైదరాబాద్ ఆఫీసులో కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసే నగేష్ వీడియో కాల్‌లోకి వచ్చాడు. అతనిది మిర్యాలగూడ. ఇంటిమనిషిలా తెలుగులోనే మాట్లాడుతున్నాడు.

ఎట్లయిందో ప్రేమ్ కుమార్‌కు తెలుసు. సూర్యాపేటలో ఈ కిరాయి ఇంట్లో పని మొదలుపెట్టినప్పటి నుంచీ లాప్‌టాప్ మూత మూసి ఓ మూలకు నెట్టి, వైర్లతో పెద్ద మానిటర్‌కు, దాని పక్కన మైకున్న స్పీకర్‌కు తగిలించి, ఆ మానిటర్ చూస్తూనే పనిచేసేవాడు. మూత మూసి ఉన్నా లోపల అది నడుస్తూనే ఉండేది. చార్జర్ పీకింది లేదు. ఆ వేడికి బ్యాటరీ పాడైతదని ఆఫీసువాళ్లు మెయిల్ పెడితే చదివి వదిలేశాడు. మానిటర్‌కు కెమెరా లేదు కాబట్టి, ఇవాళ వైర్లు అట్లాగే ఉంచి దాని స్విచ్ మాత్రం ఆపేసి లాప్‌టాప్ మూత తెరిచి కూర్చున్నాడు.

ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాడు.

"మా అమ్మ తెలవక దానిమీద బియ్యం మూట పెట్టింది."

నగేష్ ఫొటో మళ్లీ చూశాడు. బరువు పెడితే పైన సొట్ట పడాలి గానీ కింద ఉబ్బుతదా అని నెమ్మదిగానే అడిగాడు. బ్యాటరీ హెల్త్ కూడా సగానికి పడిపోయినట్టు తనకు కనిపిస్తోందన్నాడు.

"కావాల్నంటే మా అమ్మనే అడగండి. పిలుస్త," అని ప్రేమ్ కుమార్ మూత మూసేశాడు.

వంటింట్లో చింతపండు పిసుకుతున్న ముత్తమ్మను గదిలోకి పిలిచి, సంగతి చెప్పాడు. ఆమె బిత్తరపోయింది.

"నేను ఆ బల్ల దిక్కే రాను గద కొడకా. ఊడ్సేటప్పుడు గూడ దూరంగనే ఊడుస్త."

"తెల్సమ్మా. నిన్నయితే వాళ్లేమనరు. నేనని తెలిస్తే నౌకరీ పోతది. నేనే పెట్టిన్నని ఒక్క మాట అను, సాలు."

ముత్తమ్మ అబద్ధమాడి ఆదివారం ప్రార్థనకు ఏ మొకం పెట్టుకొని పోవాలని తనలో తాను గొణుక్కుంది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, మూట ఎప్పుడు పెట్టినట్టు చెప్పాలి, ఎంతసేపు ఉంచినట్టు చెప్పాలి అని అడిగింది. ఆ అడగడంతోనే ప్రేమ్ కుమార్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా అన్నీ నేర్పాడు. ఆమె పెదవులు కదుపుతూ ఒకసారి అప్పజెప్పుకుంది.

మూత తెరిచేసరికి నగేష్ అట్లాగే కూర్చుని ఉన్నాడు. ముత్తమ్మ తెర ముందు వంగి దండం పెట్టింది.

"సన్నబియ్యం మూట దానిమీద పెట్టి మర్సిపోయిన సారూ. రాత్రంత గట్లనే ఉన్నది. తప్పు నాదే. పిలగాణ్ణేమనకుండ్రి."

తప్పు నాదే అనమని కొడుకు నేర్పలేదు. ఆ మాట ఆమే కలుపుకుంది. ప్రేమ్ కుమార్ నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

నగేష్ బ్యాటరీలు ఉబ్బడం మామూలేనని, ఇందుకు ఎవరినీ ఏమీ అనరని, కొత్త లాప్‌టాప్ పంపిస్తున్నామని, దీన్ని ఇవాళే పక్కన పెట్టేయమని చెప్పాడు.

అంటే నిజం చెప్పినా ఏమీ అయ్యేది కాదు. ప్రేమ్ కుమార్‌కు చెవులు వేడెక్కాయి. థాంక్స్ అని గొణిగి, నగేష్ మొహం చూడలేక గబుక్కున మూత మూసేశాడు.

గదిలో తల్లీ కొడుకులే మిగిలారు. ముత్తమ్మ మూసిన లాప్‌టాప్ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"సరిగ్గ చెప్పిన్నా, బిడ్డా?"

ప్రేమ్ కుమార్ నోరు తెరిచేలోపే జవాబు మానిటర్ పక్కనున్న స్పీకర్లోంచి నగేష్ గొంతుతో వచ్చింది.

"సరిగ్గనే చెప్పినవమ్మా. నీ కొడుకు నేర్పింది ఒక్క ముక్క పోకుండ చెప్పినవ్."