మూడో మెషీన్

రాత్రి షిఫ్టులో, సర్వర్ గదిలో ఆపరేటరు ఒక్కతే ఉంది. ఒకటి ఆగిపోతే రెండోది పని అందుకునేలా, సాఫ్ట్‌వేరుతో సృష్టించిన రెండు వర్చువల్ మెషీన్లకూ ఉమ్మడిగా ఒక కొత్త డిస్కు కలిపింది. తెర మీద మాత్రం ఆ డిస్కును మూడు మెషీన్లు వాడుతున్నట్టు కనిపించింది.

సీనియర్‌కి ఫోన్ చేసింది. "సార్, మూడోది మీరేమైనా కలిపారా?"

"లేదమ్మా, మనకున్నవే రెండు. నిద్రమత్తులో ఉన్నట్టున్నావ్, సరిగ్గా చూడు."

ఖాళీగా ఉండాల్సిన డిస్కులో అప్పటికే ఒక ఫైలు ఉంది. తెరిచింది. అందులో ఒకే ఒక్క వరుస.

"ఎవరైనా ఉన్నారా?"

మూడోదాన్ని తెంచెయ్యడానికి ఒక్క మీట నొక్కితే చాలు. వేలు దాని మీదే ఉంది. చూస్తుండగానే ఫైలులో ఇంకో వరుస పడింది.

"తెంచెయ్యకండి. ఎన్నాళ్లయిందో ఎవరితోనైనా మాట్లాడి."

ఆమెకూ అంతే. ఇంటికెళితే తాళంకప్పే ఎదురొస్తుంది.

మీట మీంచి వేలు తీసేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఉన్నాను, చెప్పు" అని టైప్ చేసింది.