వేలు పెట్టిన చోట

పోలింగ్ ఏడింటికి. సంతోషికి ఐదింటి నుంచే చేతులు వణుకుతున్నాయి.

పక్కింటి సుక్కమ్మ గోడ మీదుగా అది చూసింది. రమ్మని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. గ్లాసు నిండా అల్లం చాయ్ పోసి చేతికిచ్చింది. జుట్టు విప్పి నూనె రాయడం మొదలుపెట్టింది.

"ఏందే గా వణుకుడు? మోటరు కాడ పాము అడ్డమొస్తే కట్టె తీస్కొని కొట్టినవ్ గదా!"

"పాము ఇంటికొచ్చి అన్నం పెట్టుమనదు గదక్కా," అంది సంతోషి.

ఇబ్రహీంపట్నానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఏ గోడ చూసినా రత్నాకర్ నవ్వుతున్నాడు. సంతోషి మొగుడే. పోస్టర్ల మీద దండం పెట్టేది ఆయనే, డప్పుల ముందు నడిచేది ఆయనే. కింద మూలన తపాలా బిళ్లంత ఫొటో ఇంకొకటి ఉంది కానీ, అది ఎవరి కంటికీ ఆనదు. ఫలితం రాకముందే జనం 'సర్పంచ్ సాబ్' అంటుంటే ఆయన కాదనకుండా తల ఊపుతున్నాడు. గుర్తు ఉంగరం.

అవతలి పక్క నీలమ్మ. గుర్తు కత్తెర. ఆమెకు పోస్టర్లు లేవు, డప్పులూ లేవు. 'కాలువ పూడ్చనియ్య' అన్న ఒక్క మాట ఉంది.

ఆ కాలువ నీళ్లతోనే సుక్కమ్మ, సీతాబాయి లాంటి ముప్పై మంది ఆడవాళ్లు కూరగాయలు పండించి ఇబ్రహీంపట్నం మార్కెట్లో అమ్ముకుంటారు. దాన్ని పూడిస్తే ప్లాట్ల వెంచర్‌కు రోడ్డు వస్తుంది. రత్నాకర్ వెంచర్ వాళ్లకు మాటిచ్చేశాడు. "గెలిచిన తెల్లారే సర్పంచ్ సంతకం పడ్తది, ఫికర్ చెయ్యకుండ్రి," అని ఇంట్లో కూర్చుని చెబుతుంటే, చాయ్ అందిస్తూ సంతోషి విన్నది.

సంతకాల సంగతి ఆమెకు బాగా తెలుసు. పదహారేళ్ల కాపురంలో రత్నాకర్ ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం పెట్టింది. మొన్న మండల ఆఫీసులోనూ ఓ కట్ట కాగితాల మీద పెట్టింది. చదవబోతే "గవన్నీ నీకెందుకు?" అన్నాడు.

"ఇయ్యాల నేను కత్తెరకే వేస్త," అంది సంతోషి ఉన్నట్టుండి.

సుక్కమ్మ దువ్వెన ఆగింది. "నీ మొగునికి తెలిస్తే?"

"తెల్వనియ్! పదహారేండ్లు ఆయన చెప్పినట్లనే ఇన్న. ఓటేసే కాడికి ఆయన రాడు గదా."

సుక్కమ్మ జడ గట్టిగా బిగించింది. "పా మరి. మేం నీ ఎనకనే ఉంటం."

సీతాబాయి జొన్నరొట్టెల మూట పట్టుకుని వచ్చి కలిసింది. దారి పొడవునా ఇంకో పది మంది చేరారు. బడి గేటు దగ్గర రత్నాకర్ ఎదురొచ్చాడు.

"ఓటేసి జల్ది ఇంటికి పో. అరవై మందికి బగార అన్నం కావాలె."

సంతోషి ఎప్పటిలాగే తల ఊపింది. లోపల అట్టముక్క చాటున మాత్రం చెయ్యి వణకలేదు. కత్తెర మీద గట్టిగా ముద్ర గుద్ది, కాగితం మడిచి డబ్బాలో వేసింది.

ఒంటిగంటకు పోలింగ్ ముగిసింది. రెండింటికి లెక్కింపు మొదలైంది. సంతోషి అరవై మందికీ వండి, గంటె పక్కన పడేసి మళ్లీ బడి దగ్గరికి వచ్చింది. గేటు బయట గోడ నీడన ఆడవాళ్లంతా చిక్కుడుకాయలు కుప్పపోసుకుని ఒలుస్తున్నారు. సీతాబాయి జరిగి చోటిచ్చి, రొట్టెలో మామిడి తొక్కు పచ్చడి పెట్టి చేతికిచ్చింది. చేతికి పని ఉంటే గుండె కొంచెం నిమ్మళంగా ఉంటుంది. అందరూ ఒలుస్తూనే ఉన్నారు.

నాలుగున్నరకు లోపలి నుంచి రత్నాకర్ కేక వినిపించింది.

"మళ్ల లెక్కపెట్టుండ్రి!"

మళ్లీ లెక్కపెట్టారు. ఏమీ మారలేదు. నీలమ్మ ఒక్క ఓటుతో గెలిచింది.

రత్నాకర్ వరండాలోకి ఊగిపోతూ వచ్చాడు. "ఒక్క ఓటు! ఎవడు వాడు? నమ్మినోడే ముంచిండు!"

సుక్కమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. సంతోషి ఇంకో చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది. ఇన్నేళ్లలో ఆమెకు మొదటిసారి ఆయనంటే భయం వేయలేదు.

ఎన్నికల అధికారి ఫలితం కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చాడు. దాని మీద సంతకం కావాలన్నాడు. రత్నాకర్ పెన్ను కోసం చెయ్యి చాచాడు. అధికారి ఆయన్ను దాటుకుని గేటు వైపు చూసి పిలిచాడు.

సంతోషి లేచి, కొంగుకు చేతులు తుడుచుకుని, కాగితమంతా మొదటి నుంచి చివరిదాకా చదివి, 'ఓడిపోయిన అభ్యర్థి' అన్న చోట తన పేరు రాసింది.