గీత పోని అద్దం

ఆ రోజు తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక్క కళ్ళద్దాల దుకాణమైనా షట్టర్ ఎత్తలేదు. పొద్దున్నే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరిగి చూసి వచ్చిన మట్టయ్య, మన్సూరాబాద్‌లోని కిరాయి ఇంటి వాకిట్లో కూర్చుని, లుంగీ అంచుతో తన కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నాడు.

నిన్న చౌరస్తాలో జరిగిన తోపులాటలో అవి రోడ్డు మీద పడి, ఎవరి చెప్పుల కిందో నలిగాయి. ఫ్రేము బతికింది. అద్దాల నిండా గీతలే. పెట్టుకుంటే ఎదురుగా ఉన్న భార్య మొహం మంచులో ఉన్నట్టుంది. తీసేస్తే అసలు మొహమే లేదు.

"పిల్ల ఏ రంగు బట్టలేసుకున్నది?" అని అడిగాడు.

"నీలం చున్నీ," అంది అండాలమ్మ. "కండ్లు మండే పొగ వదుల్తరని అందరు మొకాలకు చున్నీలు కట్టుకుంటరట. గంత మందిల ఎట్ల గుర్తుపడతవ్?"

అతని భయమూ అదే. జ్యోతిక ఒక్కతే కూతురు. కాలేజీ స్నేహితురాళ్ళతో ఊరేగింపుకు వెళ్ళిపోయింది. వెళ్ళొద్దని రాత్రంతా బతిమాలాడు. తిట్టాడు. అన్నం మానేశాడు. ఆమె వినలేదు. గడప దాటుతూ ఒక్క మాట మాత్రం అంది.

"నాయినా, ఆడ నన్ను చూసినా చూడనట్టే ఉండు. మా దోస్తులకు నువ్వెవరో తెల్వదు."

ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

పక్కింటి కుసుమకుమారిది గుంటూరు వైపు. అతని అవస్థ చూసి తెల్ల టూత్‌పేస్టు, పాత నూలు గుడ్డ తెచ్చి ఇచ్చింది.

"కొంచెమే వేసి, గుండ్రంగా, నెమ్మదిగా రుద్దండి అన్నయ్యగారూ. గట్టిగా రుద్దితే ఉన్న నునుపు కూడా పోతుంది."

నెమ్మదిగానే మొదలుపెట్టాడు. రుద్దాడు, కడిగాడు, ఎండకు పట్టి చూశాడు. సన్న గీతలు కొన్ని పోయాయి. లోతువి కదల్లేదు. అండాలమ్మ వంటసోడా నీళ్ళలో కలిపి తెచ్చింది. అదీ రాశాడు. కళ్ళ ముందు జనం, జనంలో ఎక్కడో నీలం చున్నీ. తనకు తెలియకుండానే వేలు బరువెక్కింది. కడిగి చూస్తే ఎడమ అద్దం తేటపడింది. కుడిది పాలు పోసినట్టు తెల్లబడిపోయింది.

అంతలో తోటివాడు సైదులు ఫోన్ చేశాడు. ఊరేగింపు కొత్తపేట దాటిందట, తొందరగా రమ్మన్నాడు.

అండాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. పాణం బాగలేదని చెప్పి ఇంట్లోనే ఉండరాదా అని ఏడ్చింది.

"నేను లేకుంటే అది ఎవల చేతుల పడతదో," అన్నాడు మట్టయ్య. "నేనుంటేనే నయం."

"ఒక్క కన్నుతోని ఎట్ల?"

"ఒక్కటి చాలు. అది కనపడితే చాలు."

లేచి లోపలికి వెళ్ళాడు. ఎడమ అద్దాన్ని మరోసారి తుడిచి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఖాకీ చొక్కా గుండీలు బిగించి, తలుపు మూలనున్న లాఠీ అందుకున్నాడు.