చూసేవాడి టికెట్టు

పాత బండి మీద, అరువు హెల్మెట్టుతో రేసు మైదానం గేటు ముందుకు వచ్చేసరికి సీటు కవర్లు కుట్టే ఆసామికి ముచ్చెమటలు పట్టాయి. చేయబోయేది మోసం. ఆ ముక్క గేటు పక్క బోర్డు మీదే రాసి ఉంది: "అబద్ధమాడి లోనికి వచ్చువారు పోలీసులకు అప్పగింపబడుదురు." బోర్డు కింద కుర్చీలో నిజంగానే ఒక కానిస్టేబులు కూర్చుని ఉన్నాడు.

అసలు తప్పు ధరలు పెట్టినవాళ్ళది. ఈ రేసుల్లో తోలేవాళ్ళెవరూ పేరున్నవాళ్ళు కారు. వారమంతా దుకాణాల్లో, ఆఫీసుల్లో అరిగిపోయి, సెలవురోజున సొంత బళ్ళతో మట్టిలో తిరిగే సరదా మనుషులు. వాళ్ళు తగ్గిపోతున్నారని క్లబ్బు కార్యదర్శి రెండు నెలల కిందట పోటీ ఫీజు సగానికి కోసేశాడు. ఆ నష్టం పూడ్చడానికి చూసేవాళ్ళ టికెట్టు మూడింతలు చేశాడు. దాంతో నీడలో కూర్చుని చూడటం కన్నా ప్రాణాలకు తెగించి తోలడం చవకైపోయింది. పెద్ద చదువుల వాళ్ళు కూడబలుక్కుని చేసిన లెక్క మరి!

ఈ రేసు చూడకపోతే ఆసామికి బతుకు లేదు. బావమరిది తానో రేసరునని ఇంట్లో ఊదరగొడుతున్నాడు. ప్రతి రేసు మర్నాడూ వంటగదిలో గరిటె పట్టుకుని, ఎవడు ఎక్కడ వంగాడో, ఎవడు ఎక్కడ జారాడో కళ్ళకు కట్టినట్టు చెబుతాడు. అతని అక్క, అంటే ఆసామి పెళ్ళాం, మురిసిపోతుంది. ఆ మురిపెం ముదిరి, దుకాణం ముందు గది తమ్ముడికి ఇచ్చేయమనేదాకా వచ్చింది. రేసు బళ్ళు బాగుచేసే షాపు పెడతాడట.

"ముందు గది వాడికిస్తే నేనెక్కడ కుట్టాలే? నీ నెత్తి మీదా?"

"వెనక గది లేదూ? వాడు పైకొచ్చేవాడండీ. మీలాగా కూర్చున్నచోటే కూర్చునే రకం కాదు."

వెనక గదికి కిటికీ లేదు. సూదిలోకి దారం ఎక్కదు. అక్కడ మిషను వేయడమంటే ఇరవై ఏళ్ళ షాపుకు తాళం వేయడమే.

"పైకొస్తాడో కిందపడతాడో నా కళ్ళతో నేను చూస్తా. సగంమంది కన్నా వెనకబడ్డాడా, గది మాట మళ్ళీ ఎత్తకూడదు."

"ముందొస్తే?"

"ఆ సాయంత్రమే నా మిషను నేనే మోసుకుని వెనక్కి పోతా. సరేనా?"

రోషంలో అనేశాడు. తీరా టికెట్టు ధర విన్నాక రోషం దిగిపోయింది. బావమరిది ఓడిపోవడం చూడాలని ఎంత ఉన్నా, అంత పోసి చూడటం అతని వల్ల కాదు. అందుకే ఈ పథకం. పోటీదారుగా లోపలికి వెళ్ళాలి. జెండా ఊపగానే తాళంచెవి తిప్పి ఇంజను ఆపేయాలి. ఖర్మ అన్నట్టు తల బాదుకుని బండి పక్కకు తోసుకుపోవాలి. ఆపైన హద్దు తాడు పక్కన నిలబడి రేసంతా చూడాలి.

"ఇంతకుముందు ఎన్ని రేసులు తోలావయ్యా?" అన్నాడు గేటు గుమాస్తా.

"లెక్కపెట్టుకోలేదండీ."

"బండి వెనక ఈ ఇనప కమ్మీలేంటి?" అవి సీటు కవర్ల మూటలు కట్టుకునే కమ్మీలు.

"బరువుకండీ. అవి లేకపోతే గాల్లోకి లేచిపోతుంది."

గుమాస్తా గౌరవంగా లేచి నిలబడి మరీ నంబరు అంటించాడు.

లోపల గ్యాలరీలో కార్యదర్శి అత్తగారు తప్ప పురుగు లేదు. కార్యదర్శి మాత్రం మైకు పట్టుకుని, ఇంతమంది పోటీదారులు ఈ మైదానం పుట్టాక ఎప్పుడూ రాలేదని ఊగిపోతున్నాడు. ఆసామి బండి దిగకుండా బావమరిది కోసం వెతికాడు. ఒక్కడూ హెల్మెట్టు తీయడం లేదు. ఒక బొద్దు మనిషి దాన్ని ముక్కుదాకా ఎత్తి, తాపీగా బిస్కెట్లు నములుతున్నాడు. మరొకడు బండికి గొడుగు కట్టుకొచ్చాడు. చావుకు సిద్ధపడ్డవాళ్ళకే ఇంత నిబ్బరం ఉంటుందనుకున్నాడు ఆసామి.

బొద్దు మనిషి దగ్గరికి వచ్చాడు. "అన్నా, మొదటి మలుపు మేలా, రెండోదా?"

పరీక్ష పెడుతున్నాడు కాబోలు! "రెండోదే," అన్నాడు ఆసామి, తడుముకోకుండా.

"నేనూ అదే అనుకున్నా," అని బొద్దు మనిషి వెళ్ళిపోయాడు.

అందరినీ గీత మీద నిలబెట్టారు. ముప్పై ఇంజన్లు ఒక్కసారిగా గర్జించాయి. ఆసామికి అప్పుడు తట్టింది: తన బండి ఆగిపోతే వెనక వరసలోవాళ్ళు తన మీదుగానే పోతారు కదా! దిగి పారిపోదామంటే గీత పక్కనే కానిస్టేబులు. గది కోసం వచ్చి గోతిలో పడ్డాననుకున్నాడు.

జెండా కిందికి దిగింది.

ఆసామి కళ్ళు మూసుకుని తాళంచెవి తిప్పేశాడు. ఇంజను చచ్చింది. "ఛీ, నా ఖర్మ!" అని తల బాదుకున్నాడు.

అదే మాట కుడిపక్క నుంచీ వినబడింది. ఎడమపక్క నుంచీ వినబడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

చెవులు పోయాయేమోనని కళ్ళు తెరిచాడు. మట్టి లేవలేదు. ఒక్క చక్రమూ కదల్లేదు. ముప్పై హెల్మెట్లూ మెడలు సాచి రెండో మలుపు వైపు చూస్తున్నాయి. కార్యదర్శి జెండా పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు.

వెనకనుంచి ఒక చెయ్యి ఆసామి భుజం మీద పడింది. కానిస్టేబులే అనుకుని అతను బిక్కచచ్చిపోయి తల తిప్పాడు.

"బావగారూ, మీరూ చూడ్డానికేనా?" అన్నాడు బావమరిది, తన బండి తాళంచెవి జేబులో వేసుకుంటూ. "మరి తోలేవాళ్ళెవరు?"