తోట గేటు తీయించింది ఎవరు?

"వీళ్లను ఆ తోటల పడేసింది నువ్వే! ఇయ్యాల ఇడిపించిన దేవునివీ నువ్వేనా?"

సౌదీలోని హుఫూఫ్‌లో తెలుగువాళ్ల సన్మాన సభ. వెనక వరుసలో లేచిందా గొంతు.

వేదిక మీద మనోహర్ ఉలిక్కిపడ్డాడు. గేటుకు తాళం వేసిన ఖర్జూర తోటలో రెండేళ్లు వెట్టిచాకిరీ చేసిన తొమ్మిది మందిని విడిపించిన నాయకుడాయన. బ్యానరు మీద ‘బానిసత్వం తెంచిన మహనీయుడు’ అని రాశారు.

అరిచినవాడు డీజిలు మరకల చొక్కా మనిషి.

"ఎవరండీ మీరు?" మనోహర్ నవ్వు తెచ్చుకున్నాడు.

"నేనెవరైతేంది? వీళ్లను తోటకు పంపిన కంపెనీ నీది గాదా? రెండేండ్లు యాదికి రానోళ్లు, లేబర్ ఆఫీసు నోటీసు రాంగనే యాదికొచ్చిండ్రా? నీ కంపెనీకి కొత్త వీసాలు ఆగుతయని భయపడ్డవ్. అది జాలి గాదు!"

తొమ్మిది మందిలో పెద్దవాడు భూమేష్‌కు ఒళ్లు మండింది.

"పంపితే పంపిండు. గేటు తీపిచ్చింది ఆయనే గదనే! మేం లోపల సస్తుంటే నువ్వేడున్నవ్?"

"గోడ అవుతల్నే ఉంటి తమ్మీ."

సభంతా గొల్లున నవ్వింది.

"గోడ అవుతల నిలవడి తమాష చూసినవా? శాబాష్!" అన్నాడు భూమేష్.

ఆ మనిషీ నవ్వేశాడు. "సరే తియ్. ఇంటికి పోతున్రు గద, గదే సాలు. మంచిగ తినుండ్రి."

భూమేషే రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్లాడు. మనోహర్ మనుషులు పిలిపించిన పోలీసులకు అప్పజెప్పి వచ్చాడు.

తర్వాత తొమ్మిది మందీ మటన్ మీద పడ్డారు. రెండేళ్లలో అంత కడుపునిండా నవ్వింది ఆ రోజే.

మర్నాడు పొద్దున, దేశం విడిచి ఇంటికి పోయే ఎగ్జిట్ కాగితాల కోసం లేబర్ ఆఫీసుకు వెళ్లారు.

"ఫిర్యాదు చేసినాయన రాలేదా?" అడిగింది సురయ్యా. హైదరాబాదామె, అక్కడ దుబాసీ.

"మనోహర్ సారా? పని మీద ఉన్నడు మేడం."

"అరే, ఫిర్యాదు ఆయన మీదనే కదా!"

భూమేష్ సంతకం పెడుతున్న పెన్ను ఆగింది.

"చేసినాయన పేరు ఎల్లన్న. మీ తోట గోడ బయటి ట్యాంకులో నీళ్లు నింపే ట్యాంకర్ డ్రైవరు. మీరు సీసాలో పెట్టి విసిరిన చీటీ ఆయనకే దొరికింది. ఆరుసార్లు తిరిగిండు ఈ ఆఫీసుకు. ఆ కోపంతో ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పారిపోయిండని హురూబ్ కేసు పెట్టించిండు. నిన్న ఏదో సభ దగ్గర దొరికిపోయిండంట. జైల్లో ఉన్నడు."



భూమేష్ పెన్ను బల్ల మీద పెట్టి నేల మీద కూర్చున్నాడు. మిగతా ఎనిమిది మందీ పక్కనే కూర్చున్నారు. ఒక్కడూ విమానం టైము అడగలేదు.

"మా కాగితాలు పక్కకు వెట్టుండ్రి మేడం. ఆయనను పట్టిచ్చింది నేనే, గది గుడ రాసుకోండ్రి. ఎల్లన్న మీది హురూబ్ ఇయ్యాల్నే తీసెయ్యాలె. ఆయన జైలు కెల్లి బయటికొచ్చేదాంక మేం ఈడికెల్లి లెవ్వం!"