గడియ చప్పుడు

“ఏడోసారి వెళ్లావు! ఆ కొండలు నీకేం మందు పెట్టాయే? ఒంటరిదానివి, ఏమన్నా అయితే?” అంది తల్లి ఫోనులో.

“ఏమీ కాదమ్మా. లాడ్జిలో ఎప్పటి గదే, ఈ మెట్లెక్కితే వచ్చేస్తుంది,” అని నవ్వింది కూతురు.

వెళ్లిన ప్రతిసారీ, గది లోపల గడియ వేసిన చప్పుడు చెవిన పడేదాకా తల్లి ఫోను పెట్టెయ్యదు. ఈ రాత్రీ ఆ చప్పుడు వినిపించింది. ఆమె ప్రాణం కుదుటపడింది.

“గట్టిగా వేశావా?”

“ఊఁ.”

“గొంతు అలా ఉందేం? జలుబు చేసిందా?”

ఎవరో మెల్లగా ఊపిరి పీలుస్తున్నారు. తల్లి పిలిచింది, మళ్లీ మళ్లీ పిలిచింది. చాలాసేపటికి కూతురు ఆయాసపడుతూ పలికింది.

“అమ్మా, ఇందాకటి నుంచీ నీ మాటే వినపడలేదు. ఇంకా మెట్ల మీదే ఉన్నాను. నువ్వేం కంగారుపడకు, నా గదిలో లైటు వేసే ఉంచారు.”