వదులైన ఒర

"అంకుల్, హోల్‌స్టర్ షేకింగ్ లా! ఫిక్స్ ఫస్ట్, దెన్ షూట్," అన్నాడు సింగపూర్ షూటింగ్ క్లబ్బు రేంజ్ ఆఫీసర్, అక్కడి యాసలో.

సుధాకరరావు నడుముకున్న బెల్టు తడిమి చూసుకున్నాడు. నిజమే. పిస్టల్ పెట్టుకునే ఒర బెల్టుని అంటిపెట్టుకుని ఉండాల్సింది పోయి, ఊడబోయే పాలపన్నులా కదులుతోంది.

ఇంకొక్క రౌండే మిగిలింది. అందులో నిలబడితే బాంకాక్ పోటీకి వెళ్ళే సీనియర్ల జట్టులో చోటు ఖాయం. ఈ వయసులో అలాంటి అవకాశం మళ్ళీ వస్తుందన్న ఆశ ఆయనకి లేదు. పరుగెడుతూ కాల్చే ఈ పోటీలో ఒర జారి పిస్టల్ నేల మీద పడిందంటే మాత్రం అక్కడికక్కడే బయటికి పంపేస్తారు.

"నీ ముందు ఇంకా ముగ్గురున్నారు. ఆ లోపల బాగు చేసుకో," అన్నాడు ఆఫీసర్.

ఖాళీ చేసిన పిస్టల్‌ని ఆఫీసర్ కళ్ళెదుటే పెట్టెలో పెట్టి, సుధాకరరావు బయట కార్లు ఆపే చోటికి పరిగెత్తాడు. క్లబ్బులో తనతోపాటు ఆడే హరిదాస్ అక్కడే ఉన్నాడు. మలేసియాలో పుట్టిన తెలుగువాడు. అతని కారు బానెట్ మీద మొన్న ఆయుధపూజకి పెట్టిన కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు.

"అలెన్ కీ ఉందా? త్వరగా!"

"పెలాన్ పెలాన్ అన్నా, కంగారొద్దు. ఇదిగో."

సుధాకరరావు స్క్రూలు తిప్పబోయాడు. అవి తిరగలేదు. ఒర మాత్రం కదులుతూనే ఉంది. చేతులకి చెమట పట్టి కీ రెండుసార్లు జారింది. లోపల తుపాకులు పేలిన ప్రతిసారీ తన వంతు దగ్గరపడుతున్నట్టే ఉంది.

"ఇంత బిగించినా ఆడుతా ఉందంటే లోపల ఏమో ఉంది అన్నా. మొత్తం విప్పి చూద్దాం," అన్నాడు హరిదాస్.

"లోపలేముంటుంది? పోయిన వారం దాకా రాయిలా ఉండేది!"

ఆ మాట అంటూనే ఆగిపోయాడు సుధాకరరావు. క్లబ్బు పిస్టల్ క్లబ్బులోనే ఉంటుంది. ఇంటికి వెళ్ళేవి ఒర, బెల్టు రెండే. వాటిని ఊడదీసి అలమరలో పెడతాడు. మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి అలమర తలుపు బార్లా తీసి ఉంది. ఈ రెండూ పై అరలోంచి కింది అరలోకి వచ్చి ఉన్నాయి. ఇవాళ తెల్లారకుండానే, భార్య సత్యవాణికి నిద్రాభంగం ఎందుకని లైటు కూడా వెయ్యకుండా, చీకట్లోనే రెంటినీ కలిపి బిగించుకుని ఇంటి దగ్గర టాంపినీస్‌లో మొదటి రైలెక్కాడు.

సత్యవాణి! ఆవిడకి తుపాకీ పేరెత్తితేనే ఒళ్ళు మంట. పిల్లలకి బొమ్మ తుపాకీ కూడా కొననివ్వని మనిషి.

ఒరనీ బెల్టునీ హరిదాస్ చేతిలో పడేసి, కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతూ ఇంటికి ఫోన్ చేశాడు.

"వాణీ, నా బెల్టు ముట్టుకున్నావా?"

"పోటీ అయిపోయిందా అండీ? ఏమైంది?"

"అడిగినదానికి చెప్పు. ముట్టుకున్నావా, లేదా?"

"ముట్టుకున్నాను. అయితే ఏం?"

"అయితే ఏమా! స్క్రూలు పాడుచేసి నన్నిక్కడికి పంపిస్తావా? ఇంతమందిలో నా పరువు పోతే నీ కళ్ళు చల్లబడతాయా?"

"స్క్రూలేంటండీ? వాటి జోలికి నేనెందుకు వెళ్తాను?"

"నాకు తెలీదనుకున్నావా? నేను ఇది మానేసి ఇంట్లో కూర్చోవాలి. అదేగా నీక్కావలసింది!"

"సరే. అలాగే అనుకోండి," అని పెట్టేసింది.

లోపలి నుంచి పిలుపు వినబడింది. "సుధాకర్! నెక్స్ట్!"

హరిదాస్ ఒరని బెల్టుకి మళ్ళీ బిగించి ఇచ్చాడు. "అన్నా, ఇది చూడు..." అంటూ ఏదో చెప్పబోయాడు గానీ, సుధాకరరావు లాక్కుని పరిగెత్తాడు.

గీత మీద నిలబడి ఒరని గట్టిగా గుంజి చూశాడు. వెంట్రుకవాసి కదల్లేదు. ఆఫీసర్ కూడా లాగి చూసి తలూపాడు. గంట మోగింది. పిస్టల్ చేతిలోకి వచ్చింది. లోపలున్న కోపమంతా గురి మీదికి మళ్ళిందేమో, ఎదురుగా నిలబెట్టిన ఇనప పలకలు ఒక్కొక్కటీ టపటపా పడ్డాయి.

ఫలితాలు చదివారు. జట్టులో చివరి చోటు సుధాకరరావుది!

చప్పట్లు ఆగకముందే మళ్ళీ ఫోన్ తీశాడు.

"చూశావా! నువ్వెంత వదులు చేసినా నేను గెలిచాను!"

"గెలిచారు కదా. నాకదే చాలండీ," అంది సత్యవాణి. గొంతు బొంగురుగా ఉంది.

ఏడ్చిందేమోనన్న అనుమానం ఒక్క క్షణం గుచ్చుకుంది. ఏడవనీ, చేసిన పని అలాంటిది మరి, అనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఈలోగా హరిదాస్ వచ్చి భుజం తట్టాడు.

"ఇందాకే చెప్దామంటే నువ్వు నిలబడలేదు అన్నా. స్క్రూలు టైట్‌గానే ఉండె లా. ఒరకీ బెల్టుకీ నడుమ ఇవి ఇరుక్కోని సరిగ్గా కూర్చోనియ్యలేదు. తీసేస్తే సరిపోయె. పారెయ్యడానికి నాకు మనసు రాలేదు, నువ్వే ఇంటికి తీసుకుపో."

పిడికిలి విప్పాడు.

అరచేతిలో, నలిగిపోయిన నాలుగు అక్షతలు.